సముద్రం చేరిన నేలపాములు

మా శావల్యాపురం పల్నాటి సీమలోని ఊరు. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలుమార్గంలో నరసరావుపేట దాటాక, వినుకొండ ఇంకా రాకముందే మా స్టేషను వస్తుంది. చుట్టూ మెట్టపొలాలు, మిరపతోటలు, పత్తిచేలు. వేసవి వచ్చిందంటే నేలమీద కాలు పెట్టలేము. ఊళ్ళో కొన్ని బావులు మంచినీళ్ళవి, కొన్ని ఉప్పునీళ్ళవి. ఉప్పు అనగానే మా పిల్లలకు ఆ బావులే తెలుసు కాని, సముద్రం సంగతి అంతగా తెలియదు. అది ఎక్కడో తూర్పున, బాపట్ల అవతల ఉన్నది.

పాములకు మాత్రం మాకు కొరత లేదు. చేలగట్ల మీద తాచు, గడ్డివామి కింద రక్తపింజరి, రాత్రిపూట ఇళ్ళలోకి వచ్చే కట్లపాము, ఎలుకల వెంటపడే జెర్రిపోతు, అన్నీ ఉన్నవి. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్ళు వదలటం మొదలైన తరువాత కాలువల్లో, చెరువుల్లో నీరుకట్టెలు కూడా బాగా కనపడసాగినవి. ఒకనాడు మా మనవడు, వాడు ఏడో తరగతి, కాలువగట్టున కూచుని ఒక నీరుకట్టె ఏటవాలుగా ఈదుకుంటూ పోవటం చూచి నన్ను అడిగాడు:

"తాతయ్యా, ఇది ఇట్లాగే పోయి పోయి సముద్రంలో పడితే బతుకుతుందా?"

"మన కాలువ సముద్రానికి పోదురా, పొలాలలోనే అయిపోతుంది," అన్నాను.

"పోనీ, కృష్ణలోనే కొట్టుకుపోయిందనుకో!"

వాడి ప్రశ్న మంచిదే. మా కాలువలోకి వచ్చే నీరూ కృష్ణదే. ఆ నది ప్రకాశం బ్యారేజీ దాటి దివిసీమ దగ్గర పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. వరద వచ్చినప్పుడు చెట్లూ, పొదలూ, వాటితోపాటు పాములూ కొట్టుకుపోవటం ఉన్నదే. నేను అనేక సంవత్సరాలు బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇటువంటి ప్రశ్నకు ఇంట్లో కూచుని జవాబు చెప్పటం కన్న, వెళ్ళి చూడటమే మేలనిపించింది.

దసరా సెలవుల్లో బయలుదేరాము. గుంటూరు, తెనాలి మీదుగా రేపల్లెదాకా రైలు. అక్కడినుంచి నిజాంపట్నానికి బస్సు. దారిలోనే నేల రంగు మారిపోతుంది. మా ఎర్రనేల, రాళ్ళు పోయి నల్లని ఒండ్రు, వరిచేలు, కాలువలు వస్తవి. నిజాంపట్నం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న రేవు. చేపలుపట్టే మరపడవలు బారులు తీరి ఉంటవి. పూర్వం తెల్లవాళ్ళు దీన్ని పెటపోలి అనేవారట. ఆంగ్లేయుల గ్లోబ్ అనే ఓడ 1611లో వర్తకానికని ఇక్కడికి వచ్చింది. చరిత్ర చెబుతూ ఉంటే మావాడు ఎండుచేపల వాసనకు ముక్కు మూసుకుని నిలబడ్డాడు గనక, ఆ పాఠం అక్కడితో ఆపాను.

మేము చూడవలసినవి మడ అడవులు. ఏరూ సముద్రమూ కలిసేచోట, పోటుకు మునిగి పాటుకు తేలే బురదలో మడచెట్లు పెరుగుతవి. మామూలు చెట్టు వేళ్ళు నేలలోకి పోతే, ఈ చెట్ల వేళ్ళు కొన్ని బురదలోనుంచి పైకి మేకుల మాదిరి పొడుచుకు వస్తవి. బురదలో గాలి ఆడదు కనక చెట్టు వాటితో గాలి పీల్చుకుంటుంది. అక్కడ తిల్ల అనే చెట్టు కూడా ఉన్నది. దాని పాలు కంట్లో పడితే కన్ను మండి కొంతసేపు చూపు ఆనదు. అందుచేత ఆ చెట్టు కొమ్మ విరవకూడదని పడవవాడు మమ్మల్ని ముందే హెచ్చరించాడు. చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడా ఈ అడవులలోనే ఉంటుంది కాని, అది పగటిపూట కనపడే జంతువు కాదు.

సాయంకాలం నాలుగున్నరకు పాటు మొదలై నీరు దిగజారుతూ వచ్చింది. పడవ ఒక సన్నని పాయలోకి తిరిగింది. రెండువైపులా నిగనిగలాడే బురద. దానిమీద బొటనవేలంత చేపలు గెంతుతున్నవి. చేపలు నేలమీద గెంతటమేమిటని అనుమానపడకండి, అవి నిజంగా చేపలే. మావాడు వాటిని లెక్కపెడుతున్నవాడల్లా ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. నీటి అంచున, బురద బీటలో, ఒక తల ఉన్నది. బూడిదరంగు తల, దానికి పైభాగాన రెండు చిన్న కళ్ళు. కళ్ళు పక్కల కాక నెత్తిన ఉండటం చూస్తే కప్ప అనుకోవచ్చు. అంతలో ఒక చేప దగ్గరికి వచ్చింది. ఆ తల ముందుకు దూకింది. చేపను నోట కరుచుకుని మూడడుగుల పాము బీటలోనుంచి బయటికి వచ్చి, జారే బురదమీద తిన్నగా పాకలేక, మెలికలు తిరుగుతూ పక్కవాటుగా పోయి నీటిలో దిగింది.

"కరిస్తే?" అన్నాడు మావాడు.

"అది కరిచినా ప్రాణానికేం కాదు బాబూ," అన్నాడు పడవవాడు. "భయపడవలసింది తెడ్డుతోక పాముకి. అది లోపలి సముద్రంలో ఉంటది. వలలో చేపలతో కలిసి వస్తది. మాస్టారూ, దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి."

పడవవాడు చెప్పింది శాస్త్రం కూడా ఒప్పుకునే మాట. మేము చూచిన పామును ఇంగ్లీషువాళ్ళు కుక్కమూతి నీటిపాము అంటారు. దాని కోరలు నోటికి వెనకవైపున ఉంటవి, విషం స్వల్పం, చేపలకు చాలుతుందేగాని మనిషికి ప్రమాదం చెయ్యదు. ముక్కురంధ్రాలు మూతిపైన ఉంటవి, నీటిలో మునిగినప్పుడు వాటిని మూసుకుంటుంది. గుడ్లు పెట్టటానికి గట్టు ఎక్కవలసిన పని లేకుండా పిల్లలనే కంటుంది. దాని తోక గుండ్రంగా, నేలపాముల తోక మాదిరే ఉంటుంది. అసలైన సముద్రపు పాముకు తోక పక్కలనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా, పడవ తెడ్డులాగా ఉంటుంది. అది తాచుపాము వంశానిది, మహా విషం గలది. కరిచినచోట పెద్దగా నొప్పి ఉండదు, కొన్ని గంటలకు ఒళ్ళంతా కండరాల నొప్పులు మొదలవుతవి. మన ఆసుపత్రులలో ఇచ్చే పాముకాటు మందు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు నేలపాముల విషానికి విరుగుడుగా తయారైనది. సముద్రపు పాముకు అది పనిచేస్తుందని నమ్మటానికి లేదు. కనక సముద్రతీరానికి పోయినప్పుడు వలలోనుంచి ఒడ్డున పారేసిన పామును, అది చచ్చినట్టు కనిపించినా సరే, కర్రతో కూడా కదిలించవద్దు. కరిస్తే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా పెద్ద ఆసుపత్రికి పోవాలి.

ఆ కుక్కమూతి పాముకు మన తీరంతో ఒక చిత్రమైన సంబంధం ఉన్నది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో పెద్ద బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో ఈయన పేరుతోనే పిలుస్తారు. ఆయన చేసిన మంచిపని ఏమిటంటే, పాములకు సొంతంగా పేర్లు కల్పించకుండా ఇక్కడి జనం చెప్పిన పేర్లనే తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. మేము చూచిన పాము ఆయనకు గంజాం తీరంలో దొరికింది. దాని పేరు 'కరూ బొకడం' అని రాశాడు. ఆ బొమ్మను ఆధారం చేసుకునే 1799లో ష్నైడర్ అనే జర్మను పండితుడు దానికి శాస్త్రీయనామం పెట్టాడు. ఇప్పటికీ ఇంగ్లీషు పుస్తకాలలో ఈ జాతి పాములను 'బొకడం' అని రాస్తుంటారు. ఆ మాట మనవాళ్ళు మరిచిపోయారు, పరదేశంవాళ్ళు దాచుకున్నారు. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బంగారస్' అనే పేరు కూడా రస్సెల్ రాసిన మన 'బంగారు పాము' నుంచి వచ్చిందే.

ఇక మావాడి ప్రశ్నకు వద్దాము. నేలపాము సముద్రంలో పడితే ఏమవుతుంది?

మునిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాములన్నీ ఈదగలవు. జావా, సుమత్రాల మధ్య ఉన్న క్రకటోవా దీవి 1883లో అగ్నిపర్వతం పేలి బూడిద అయిపోయింది. పచ్చని మొక్క మిగలలేదు. ఆ తరువాత కొద్ది దశాబ్దాలలోనే అక్కడ కొండచిలువ కనిపించింది. చుట్టూ సముద్రమే కనక, ఈదో, కొట్టుకువచ్చే దుంగ ఎక్కో రావలసిందే. సముద్రం దాటటం పాముకు అంత కష్టం కాదు, సముద్రంలో కాపరం చెయ్యటమే కష్టం. ఎందుచేత? దాహం చేత!

మీ ఇంట్లో ఆవకాయ పెట్టటం చూచారు గదా. మామిడిముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే మరునాటికి ఊట వస్తుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? ముక్కలోవే. ఉప్పు వాటిని బయటికి లాగింది. సముద్రంలో పడిన ప్రాణి పరిస్థితీ అదే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పాము రక్తంలోని ఉప్పు ఇంచుమించు అందులో మూడోవంతు మాత్రమే. అందువల్ల ఉప్పునీరు దాని ఒంట్లోని నీటిని లాగబోతుంది. పాము చర్మం దళసరి కనక కొంత ఆపుతుంది. పోనీ దాహం వేసిందని ఆ నీరే తాగితే మరీ ప్రమాదం. తాగిన ఉప్పును బయటికి పంపటానికి ఒంట్లో ఉన్న మంచినీరు ఖర్చవుతుంది. పాముల మూత్రపిండాలు రక్తంలో ఉన్నదానికన్న చిక్కని ఉప్పునీటిని తయారుచెయ్యలేవు. నీటి మధ్య ఉండి నీళ్ళు లేక చావటమన్నమాట. పడవ మునిగి తెప్పమీద మిగిలిన నావికులు సముద్రపు నీరు తాగి చచ్చిపోవటం కూడా ఇటువంటిదే.

దీన్ని గురించి డేవిడ్ పెట్టస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1958లో ఒక ముచ్చటైన సంగతి ప్రకటించాడు. అమెరికాలో మన నీరుకట్టె మాదిరి నీటిపాములున్నవి. వాటిలో కొన్ని చెరువులలో ఉంటే, వాటి దాయాదులు కొన్ని మెక్సికో సింధుశాఖ ఒడ్డున ఉప్పు బురదలలో ఉంటవి. రెండూ చూపుకు దగ్గర దగ్గరగానే ఉంటవి. రెండింటినీ సముద్రపు నీటిలో ఉంచి చూశారు. చెరువు పాము ఆ నీరు తాగేసి చచ్చిపోయింది. తీరపు పాము తాగలేదు, బతికింది! దానికి ప్రత్యేకమైన అవయవం ఏమీ లేదు. తాగకూడదని దానికి తెలుసు, అంతే. ఒంటికి కావలసిన నీరు తినే చేపల ఒంట్లోనుంచి వస్తుంది, వాన పడినప్పుడు మంచినీరు తాగుతుంది. నేలపాము సముద్రంవైపు వెయ్యవలసిన మొదటి అడుగు (పాముకు అడుగేమిటని నవ్వకండి) నోరు కట్టుకోవటం.

మన బొకడం అంతకన్న ఒక మెట్టు పైన ఉన్నది. దాని పైదవడ ముందుభాగంలో ఒక చిన్న గ్రంథి ఉన్నది. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథి కావచ్చునని డన్సన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరీ 1979లో రాశారు. అసలైన సముద్రపు పాములకు ఇటువంటి గ్రంథి నాలుక కింద ఉన్నదని డన్సన్ బృందమే 1971లో కనిపెట్టింది. ఆ పాము నాలుక చాపినప్పుడల్లా చిక్కని ఉప్పునీరు బయటికి పోతుంది.

ఇంత సాధనం ఉన్నది కనక సముద్రపు పాము హాయిగా సముద్రమే తాగుతుందని పుస్తకాలలో చాలాకాలం రాశారు. నేనూ తరగతిలో అట్లా రాసిన పుస్తకాలే చూచాను. అది సరికాదని హార్వే లిల్లీవైట్ అనే ఆయన, ఆయన మిత్రులూ రుజువు చేశారు. కోస్టారికా తీరాన పచ్చపొట్ట సముద్రపు పాములను పట్టి, తూచి, మంచినీటిలో వదిలారు. వానలు లేని నెలలలో పట్టినవి గటగటా తాగినవి! వానాకాలంలో పట్టినవి అంతగా తాగలేదు. 2014లో ఈ సంగతి వెల్లడి చేశారు. మంచినీరు ఉప్పునీటి కన్న తేలిక కనక పెద్దవాన కురిసినప్పుడు ఆ నీరు కొంతసేపు సముద్రం మీద పలచని పొరగా తేలుతుంది. ఆ పాము జన్మలో నేల ముఖం చూడదు, కాని నెలలకొద్దీ దాహంతో ఉండి, మన రైతు లాగానే మబ్బుకోసం ఎదురుచూస్తుంది.

మరి ఈ గ్రంథీ, ఈ ఓర్పూ లేని మామూలు నేలపాములు తీరానికి ఎందుకు పోతవి? తిండికోసం. మడ అడవి అంచున ఎలుకలు, పక్షుల గుడ్లు దొరుకుతవి. తాచూ, జెర్రిపోతూ అక్కడికి వస్తవి. నీరుకట్టె ఉప్పూ తీపీ కలిసిన ఏటినీటిలో చేపలు పట్టుకుంటుంది. ఇటువంటివాటిలో నాకు నచ్చినది ఫ్లోరిడా పక్కన సీహార్స్ కీ అనే చిన్న దీవి కథ. అక్కడ మన రక్తపింజరి వర్గంలోని కాటన్‌మౌత్ అనే విషసర్పాలు గుంపులుగా ఉండేవి. దీవిలో వాగూ చెరువూ ఏమీ లేవు. పాములు వాననీరు తాగి, చెట్లమీద గూళ్ళు కట్టుకున్న కొంగలూ నీటికాకులూ జారవిడిచే చేపలు తినేవి. కొన్ని ఒడ్డువెంట పోయి, అలలు తెచ్చిపడేసిన చచ్చిన చేపలనూ ఏరుకునేవి. 2015లో ఏమయిందో ఆ పక్షులన్నీ దీవి వదిలి వెళ్ళిపోయినవి. దానితో పాముల కంచంలో కూడు పోయింది. పాముకూ సముద్రానికీ మధ్య పక్షి ఉన్నదని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

నిజాంపట్నం పాయలో కూడా అటువంటి ముడి ఒకటి ఉన్నది. బొకడానికి చేప కావాలి, చేపకు బురద కావాలి, బురద నిలవటానికి మడ వేళ్ళు కావాలి. 1990 తరువాత మన కోస్తాలో రొయ్యల చెరువుల వేడి పుట్టినప్పుడు మడనేలలు చాలాచోట్ల గట్లు కట్టిన చెరువులయినవి. 1996లో సుప్రీంకోర్టు దాకా ఆ వివాదం వెళ్ళింది. మా పడవ పోయిన పాయలో ఎడమగట్టున అడవి, కుడిగట్టున చెరువుల మట్టికట్ట. బొకడాలు, గెంతే చేపలు, పీతలు, అన్నీ ఎడమవైపే కనిపించినవి. కుడివైపున ఒక కొంగ మాత్రం నిలబడి ఉన్నది. కృష్ణా గోదావరుల ముఖాలలో కొన్నిచోట్ల చేపముల్లు ఆకారంలో చిన్నకాలువలు తవ్వి, పోటునీరు లోపలికి పారేటట్టు చేసి మడమొక్కలు మళ్ళీ పెంచారు. నీరు ఆడితే చాలు, ఆ చెట్లు మొండివి, లేస్తవి.

తిరుగు పడవలో మావాడు నీరుకట్టె సంగతి మళ్ళీ ఎత్తాడు. "అయితే అది చస్తుందన్నమాటేగా?"

"ఎక్కడ పడిందన్నదాన్నిబట్టి," అన్నాను. వరదకు సముద్రం మధ్యకు కొట్టుకుపోయి, ఆ నీరు తాగిందా, దాని పని అయిపోయినట్టే. మొగ దగ్గర ఏ మడకొమ్మనో పట్టుకుని ఆగిందా, వరద రోజుల్లో అక్కడి నీరు దాదాపు తీపిగానే ఉంటుంది, తింటానికి చేపలుంటవి, వానలుంటవి. ఎండాకాలానికి నీరు ఉప్పెక్కేలోపల అది కాలువవెంట పైకి పోతే బతికిపోతుంది. ఇట్లా అంచున బతికి, నోరు కట్టుకోవటం నేర్చినవాటి సంతానమే లక్షల సంవత్సరాలలో ఉప్పునీటి పాములయి ఉంటవి.

"ఒకసారి సముద్రానికి పోయింది మళ్ళీ మంచినీటికి రాదా?" అన్నాడు వాడు.

అదీ జరిగింది. ఫిలిప్పీను దేశంలో లూజాన్ దీవిమీద బూహి అనే మంచినీటి సరస్సు ఉన్నది. అందులో మన బొకడం జాతిదే ఒక పాము ఉన్నది. దాని చుట్టాలన్నీ మడ అడవుల్లో ఉప్పునీట చేపలు పడుతుంటే, అది మాత్రం ఆ సరస్సులోనే పుట్టి, ఆ మంచినీరే తాగుతూ అక్కడే బతుకుతున్నది.